రిపీటర్ జేబు గడియారం

మీట లాగితే అప్పటి వేళను గంటల చప్పుడుతో చెప్పే జేబు గడియారం రిపీటర్. గోడ గడియారం తనంతట తానే గంట కొడుతుంది, ఇది అడిగినప్పుడే పలుకుతుంది. అర్ధరాత్రి దీపం వెలిగించే పని లేకుండా వేళ తెలియడం కోసం పుట్టింది.

1687లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ బార్లో అనే మతాచార్యుడు, డేనియల్ క్వేర్ అనే గడియారాల పనివాడు దీని హక్కు కోసం పోటీపడ్డారు. బార్లో గడియారంలో గంటలకు ఒకసారి, పావుగంటలకు మరోసారి నొక్కాలి. క్వేర్‌ది ఒక్క నొక్కుకే రెండూ చెప్పేది. రాజు రెండో జేమ్స్ క్వేర్ వైపే మొగ్గాడు. 1783లో పారిస్‌లో బ్రెగే అనే గడియారాల పనివాడు చిన్న గంట బదులు యంత్రం చుట్టూ వంచిన ఉక్కు తీగను వాడాడు. దాంతో గడియారం పలచబడింది, స్వరం మెరుగైంది.

అసలు పనితనమంతా మూత కిందే ఉంది. కేసు అంచున ఉన్న మీటను లాగితే గంట కొట్టడానికే ఉన్న వేరే స్ప్రింగుకు కీ ఎక్కుతుంది. ముళ్లతో పాటు తిరిగే మెట్ల చక్రాల మీదికి సన్నని చేతులు దిగుతాయి. గంటల చక్రానికి 12 మెట్లు, పావుగంటల చక్రానికి 4. నిమిషాలు కూడా చెప్పే గడియారమైతే నిమిషాల చక్రానికి నాలుగు కొమ్ములు, ఒక్కో కొమ్ముకు 14 మెట్లు. చెయ్యి ఎంత లోతుకు దిగితే సుత్తి అన్ని దెబ్బలు కొడుతుంది. 12 గంటల 59 నిమిషాలకు మీట లాగితే గంటలకు 12 మంద్ర స్వరాలు, పావుగంటలకు 3 జంట స్వరాలు, నిమిషాలకు 14 తార స్వరాలు వరుసగా వినాలి. మంచి గడియారాన్ని పరీక్షించవలసిన వేళ అదే. మీట సగమే లాగితే తప్పు వేళ చెప్పకుండా గడియారాన్ని మౌనంగా ఉంచే చిన్న ఉక్కు ముక్క కూడా లోపల ఉంటుంది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ ముక్కే.

ఇక మా ప్రాంతంలో గడియారాల సంగతి. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. పేరున్న గడియారాల దుకాణం కూడా మద్రాసులోనే, మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్. విదేశాల్లో తయారైన గడియారాలు ఆ సంస్థ పేరు డయల్ మీద వేసుకుని అమ్ముడయ్యేవి. 1890ల్లో గంజాం జిల్లాలోని బరంపురం మీదుగా రైలు వచ్చినప్పుడు రైల్వేలది మద్రాసు కాలమే. బరంపురం మద్రాసుకు తూర్పున ఉంది కనుక, ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఆ కాలం ప్రకారం సగటున 11 గంటల 42 నిమిషాలే అయ్యేది. 1906 నుంచి భారత ప్రామాణిక కాలం వచ్చాక ఆ తేడా 9 నిమిషాలకు తగ్గింది. రిపీటర్ ఎంత ఖరీదైనదైనా, ముళ్లను ఏ ఊరి వేళకు తిప్పి పెడితే ఆ వేళే చెబుతుంది.

గంజాం జిల్లా బెలగుంఠలో ఇత్తడి ముక్కలను కీళ్లుగా అతికి, ఒళ్లంతా అటూ ఇటూ వంగే చేపలను చేస్తారు. వాటిని చేతపట్టి చూసినవారికి రిపీటర్‌లోని కీళ్ల నేర్పు వెంటనే అర్థమవుతుంది.

రిపీటర్ కేసు తరచు 18 క్యారెట్ల బంగారం, అంటే నూటికి 75 పాళ్లు. మేలిమి బంగారం మెత్తన కాబట్టి రాగి, వెండి కలుపుతారు. డయల్ రాగి రేకు మీద గాజుపొడిని కొలిమిలో కరిగించి చేసింది. బంగారం ధర పెరిగినప్పుడల్లా ఇలాంటి కేసులెన్నో కరిగిపోయాయి, వాటి యంత్రాలు అనాథలయ్యాయి. బంగారాన్ని తూకం వేసి ఈ గడియారానికి వెల కట్టడం దాన్ని చేసిన పనివాడికి చేసే అన్యాయం.

గంజాం జిల్లా గోపాల్‌పూర్ వంటి తీరాల ఉప్పుగాలి దీనికి పడదు. ఉక్కు తీగకు తుప్పు పడితే స్వరం బొంగురుపోతుంది, నూనె గట్టిపడితే దెబ్బలు సాగదీసినట్టు పడతాయి. గడియారం పలుకుతున్నంతసేపూ ముళ్లను తిప్పకూడదు. తిప్పితే మెట్లమీద దిగిన చేతులు విరిగే ప్రమాదముంది.