గజాల తగాదా

నవంబరు ఆఖరి శనివారం సాయంత్రం టొలీడోలో ఏ దుకాణంలోకి వెళ్లినా రెండే మాటలు వినిపిస్తాయి. "రిఫరీలు మనల్ని ముంచేశారు." "వాళ్లనేం అంటావు, మన క్వార్టర్‌బ్యాక్‌కి నిబ్బరం ఉంటే కదా!" గెలిచినవాళ్లు పెద్దగా మాట్లాడరు, టోపీ పెట్టుకుని నవ్వుతూ తిరుగుతారు. ఓడినవాళ్లే రెండు వర్గాలుగా చీలి తమలో తాము కొట్లాడుకుంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయానికీ ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికీ మధ్య ఏటా జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ సంగతి ఇది. టొలీడో ఉన్నది ఒహాయోలోనే, కానీ ఊరికి ఉత్తరాన నాలుగడుగులు వేస్తే మిషిగన్. అందుకే ఇక్కడ ఏటా ఎవరో ఒకరు ఓడిన మొహంతో కనిపిస్తారు. కొడుకును మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న యాన్ ఆర్బర్‌లో, కూతురిని ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్‌లో చదివించే తెలుగువాళ్ల ఇళ్లలో ఆ వారమంతా భోజనాల బల్ల దగ్గర ఆచితూచి మాట్లాడాలి.

ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెబితే చాలు. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకుపోవాలి; ఆ పనిలో జట్టును నడిపేవాడే క్వార్టర్‌బ్యాక్. తీసుకుపోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్లది. తప్పు చేస్తే శిక్ష కూడా గజాల్లోనే. బంతి కదలకముందే మనవాడు కదిలితే ఐదు గజాలు, ఎదుటివాణ్ణి చేత్తో పట్టి ఆపితే పది, మర్యాద తప్పితే పదిహేను వెనక్కి పోవాలి. అంటే నేరం చేసినవాడు నేల వదులుకోవాలి. ఈ రెండు రాష్ట్రాల చరిత్ర తెలిస్తే ఇంతకంటే తగిన శిక్ష వీళ్లకు మరొకటి లేదనిపిస్తుంది.

మన ఊళ్లలో గట్టు తగాదాలు ఎలా మొదలవుతాయో వీళ్ల తగాదా కూడా అలాగే మొదలైంది, కొలతలో తేడాతో. మిషిగన్ సరస్సు దక్షిణపు కొస నుంచి తూర్పుగా గీసిన గీతను 1787లో సరిహద్దుకు ఆధారంగా రాసుకున్నారు. అప్పటి పటంలో ఆ కొస ఉండాల్సిన చోటుకన్నా ఉత్తరాన ఉంది. 1803లో రాష్ట్రమైన ఒహాయో ముందుచూపుతో, మామీ నది ఈరీ సరస్సులో కలిసే చోటు మాత్రం తనదేనని రాజ్యాంగంలో రాసుకుంది. 1817లో ఒక సర్వేయరు ఒహాయోకు నచ్చే గీత గీశాడు, 1818లో ఇంకొకాయన మిషిగన్‌కు నచ్చే గీత గీశాడు. రెండు గీతల మధ్య 468 చదరపు మైళ్ల నేల చిక్కుకుపోయింది. అందులోనే ఉంది టొలీడో. కాలువల రోజులవి. నది మూతి ఎవరిదైతే వ్యాపారం వాళ్లది.

1835 ఫిబ్రవరిలో మిషిగన్ ఒక చట్టం చేసింది. ఆ నేలలో ఒహాయో తరఫున అధికారం చెలాయించినవాడికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా కఠిన కారాగారం. అప్పటికి మిషిగన్ ఇంకా రాష్ట్రం కాలేదు. దాన్ని నడుపుతున్న స్టీవెన్స్ మేసన్ వయసు ఇరవై మూడు. రెండు వైపులా తుపాకులు పట్టుకుని మనుషులు బయల్దేరారు. ఏప్రిల్‌లో ఒహాయో సర్వేయర్లను మిషిగన్ వాళ్లు తరిమి, తలల మీదుగా తూటాలు పేల్చారు. జూలైలో ఒక్కచోట మాత్రం నెత్తురు కారింది. టూ స్టిక్నీ అనే ఒహాయో మనిషి మిషిగన్ డిప్యూటీ షెరీఫును చిన్న కత్తితో పొడిచాడు. (అతని తండ్రి కొడుకులకు వన్, టూ అనే పేర్లు పెట్టాడు. ఇది నేను కల్పించింది కాదు.) గాయపడినవాడు బతికాడు. కుర్రవాడు మరీ దూకుడుగా ఉన్నాడని అధ్యక్షుడు యాండ్రూ జాక్సన్ ఆగస్టులో మేసన్‌ను పదవి నుంచి తప్పించాడు. జనం మాత్రం ఆ శరదృతువులోనే అతన్ని గవర్నరుగా ఎన్నుకున్నారు. నిబ్బరం లేదని పైవాళ్లు తీసేసిన కుర్రవాణ్ణి కిందివాళ్లు నెత్తిన పెట్టుకోవడం ఇక్కడ అప్పటి నుంచే ఉంది.

చివరికి 1836 డిసెంబరులో, ఎముకలు కొరికే చలిలో, యాన్ ఆర్బర్‌లో సభ పెట్టి మిషిగన్ తలవంచింది. టొలీడోను వదులుకుని, బదులుగా ఉత్తరాన ఉన్న ద్వీపకల్పంలో పెద్ద భాగం పుచ్చుకుని, 1837 జనవరిలో రాష్ట్రమైంది. పనికిరాని అడవి అంటగట్టారని అప్పట్లో ఏడ్చారు. కొన్నేళ్లకే అక్కడ రాగి, ఇనుము బయటపడ్డాయి. 1915లో సరిహద్దును మళ్లీ కొలిచి గ్రానైటు రాళ్లు పాతారు, ఇద్దరు గవర్నర్లూ చేతులు కలిపారు. అప్పటికీ ఈరీ సరస్సు నీళ్లలోని గీత తేలలేదు. దాన్ని 1973లో సుప్రీంకోర్టు తేల్చాల్సి వచ్చింది.

ఈ యుద్ధంలోంచే ఫుట్‌బాల్ వైరం పుట్టిందని ఇక్కడ చాలామంది గట్టిగా చెబుతారు. నేను నమ్మను. 1897లో మొదటి ఆటను మిషిగన్ 34-0తో గెలిచింది. ఒహాయో స్టేట్ మొట్టమొదటి గెలుపు 1919లో. ఇరవై ఏళ్లకు పైగా ఒక్కరే గెలిస్తే దాన్ని వైరం అనరు. అసలు మంట 1969 నుంచి 1978 దాకా రగిలింది. ఒహాయో స్టేట్ కోచ్ వుడీ హేస్‌కు ఎదురుగా, ఒకప్పుడు ఆయన దగ్గరే పనిచేసిన బో షెంబెక్లర్ మిషిగన్ కోచ్‌గా నిలబడ్డాడు. 1971లో తమవాడికి వేసిన పాసును మిషిగన్ ఆటగాడు అందుకున్నప్పుడు, అది అడ్డగింపేనని, పెనాల్టీ ఇవ్వాల్సిందేనని హేస్ మైదానంలోకి ఉరికాడు. రిఫరీలు వినలేదు. ఆ కోపంలో ఆయన పక్కగీత దగ్గర గజాలు చూపే గుర్తును విరిచేశాడు. పెనాల్టీ అడగడానికి వెళ్లి పదిహేను గజాల పెనాల్టీ తెచ్చుకున్నాడు. మిషిగన్ 10-7తో గెలిచింది. నిబ్బరం గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ఇరవై ఏళ్ల కుర్రాళ్లనే తప్పుపడతారు కానీ, ఆ రోజు నిబ్బరం పోగొట్టుకున్నది యాభై ఎనిమిదేళ్ల పెద్దమనిషి.

తప్పు జరిగినప్పుడు రిఫరీ విసిరే గుడ్డ కూడా ఒహాయోలోనే పుట్టింది. అంతకుముందు బూరలు ఊదేవారు. 1941లో యంగ్స్‌టౌన్ కోచ్ డ్వైట్ బీడీ, చప్పుడు కన్నా కంటికి కనిపించేది నయమనుకుని, భార్య ఇర్మాతో పాత బట్టల ముక్కలు కుట్టించి, బరువు కట్టి రిఫరీల చేతికిచ్చాడు. కొన్నేళ్లకే దేశమంతా అదే పద్ధతి.

మళ్లీ మన వాదనకు వస్తే, మిషిగన్ వాళ్ల ముందు 2016 అనకూడదు. కొలంబస్‌లో ఆట 17-17తో సమమై, రెండో అదనపు సమయంలోకి వెళ్లింది. మిషిగన్ మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఒహాయోకు ఆఖరి ప్రయత్నం, కావాల్సింది ఒక్క గజం. క్వార్టర్‌బ్యాక్ జేటీ బారెట్ బంతి పట్టుకుని గీత దగ్గరే పడ్డాడు. చేరాడన్నారు రిఫరీలు. వీడియో చూసినా మాట మారలేదు. తర్వాతి ప్రయత్నంలోనే కర్టిస్ శామ్యూల్ పరుగుతో ఒహాయో 30-27తో గెలిచింది. బారెట్ చేరలేదని మిషిగన్ కోచ్ జిమ్ హార్బా బహిరంగంగా మండిపడితే, లీగ్ ఆయన విశ్వవిద్యాలయానికి పదివేల డాలర్ల జరిమానా వేసింది. ఆ రోజు పెనాల్టీలు మిషిగన్ మీద ఏడు, ఒహాయో మీద రెండు. ఈ లెక్క చెప్పని మిషిగన్ అభిమాని నాకు తగల్లేదు. అదే ఆటలో తమ క్వార్టర్‌బ్యాక్ రెండుసార్లు బంతిని ప్రత్యర్థుల చేతుల్లో పెట్టాడనీ, గోల్ గీత ముందు ఒకసారి జారవిడిచాడనీ వీళ్లలో సగంమంది చెప్పరు. మిగతా సగం అది తప్ప మరేదీ చెప్పరు.

నా మటుకు నాకు రెండు వర్గాలవాళ్లూ ఒకే సంగతిని రెండు కొసల నుంచి పట్టుకున్నారనిపిస్తుంది. 2021లో యాన్ ఆర్బర్ ఆట చూడండి. లక్ష దాటిన జనం. బంతి ఒహాయో చేతిలోకి వచ్చిన ప్రతిసారీ చెవులు పగిలే గోల. క్వార్టర్‌బ్యాక్ పిలుపు పక్కవాడికి వినపడదు. వినపడక లైనులో ఉన్న భారీ మనిషి ఒక క్షణం ముందు కదులుతాడు. ఐదు గజాలు పోతాయి. పది గజాల పని పదిహేనవుతుంది. అప్పుడిక పరుగులతో లాభం లేదు, దూరం పాసే వేయాలి. దూరం పాసుకు సమయం కావాలి. ఆ సమయంలోనే ఎదుటివాళ్లు మీద పడతారు. ఇంట్లో సోఫాలో కూర్చున్నవాడికి చివరి దృశ్యమే కనిపిస్తుంది, "కుర్రాడు బెదిరిపోయాడు" అంటాడు. కుర్రాడు బెదిరింది అంతకుముందు ఇంకొకరి కాలు కదిలినందుకు. మిషిగన్ ఆ రోజు 42-27తో గెలిచి, ఎనిమిది వరుస ఓటముల బాకీ తీర్చుకుంది.

ఇప్పుడు మాటలకు ఇంకాస్త పదునెక్కింది. 2021 జూలై నుంచి ఈ విద్యార్థి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించవచ్చు. "పాపం, చదువుకునే పిల్లాడు" అనే మాట ఈ మధ్య నా చెవిన పడలేదు. "అంత డబ్బు తీసుకుని ఇదా ఆడేది" అన్నది మాత్రం ఎన్నిసార్లో.

2024 నవంబరులో కొలంబస్‌లో మిషిగన్, ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టుతో, 13-10తో గెలిచింది. గెలిచి, ఒహాయో మైదానం మధ్యలో తమ జెండా పాతబోయింది. కొట్లాట, పోలీసుల పెప్పర్ స్ప్రే, ఇద్దరికీ చెరో లక్ష డాలర్ల జరిమానా. ఆ మైదానంలో జెండా పాతడాన్ని నేరంగా మారుస్తూ టొలీడో పక్కనున్న సిల్వేనియా వైపు శాసనసభ్యుడు బిల్లు తెచ్చాడు. 1835 చట్టాన్ని ఆయన చదివాడో లేదో! ఒహాయో అభిమానులు రిఫరీలను వదిలేసి, ఆ ఏడాదే కాన్సస్ స్టేట్ నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్‌ను పట్టుకున్నారు. రెండుసార్లు బంతి పోగొట్టాడు కదా. రెండు నెలలు తిరక్కుండా, జనవరిలో జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో అదే హవర్డ్ మొదటి పదమూడు పాసుల్లో ఒక్కటీ గురి తప్పలేదు. ఒహాయో కప్పు గెలిచింది. మా వీధిలో ఒహాయో స్టేట్‌లోనే చదువుకున్న ఒక పెద్దాయనను మర్నాడు అభినందిస్తే, "అందులో రెండు నవంబరులో వేసి ఉంటే సరిపోయేది" అన్నాడు.