విచారణ గుడి, గూడెం కూడిక

"సర్, మాది ఆర్‌సీఎం. మా చిన్నాయనోళ్లు రెండేండ్ల సంది గుడి మానేసి పాస్టరు దగ్గరికి పోతున్నరు. ఫాదరేమో మా మందల గొర్రెలను ఎత్తుకపోతున్నరు అంటడు. తప్పెవరిది సర్?"

మొయినాబాద్ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. క్లాసులో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే ఈ వారం దీని గురించే రాస్తున్నాను. నేను మతబోధకుణ్ణి కాదు. గూడెం తన చేతులతో నిలబెట్టుకున్నవి ఏవేవి ఉన్నాయో వెతికేవాణ్ణి.

ముందు ఆ "ఎత్తుకపోవడం" అనే మాట చూడండి. మనుషులు గొర్రెలు కాదు. చిన్నాయన తన కాళ్లతో తాను నడిచిపోయాడు. ఎందుకు పోయాడన్నదే అసలు ప్రశ్న.

జవాబు కోసం ఒంగోలు దాకా పోవాలి. యర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారం చేసేవాడు. క్రైస్తవంలోకి రాకముందే రాజయోగ సాధన చేసినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడిందీ ఆ ఏడే. క్లౌ వచ్చి పేరయ్యకు దారి చూపించాడని చాలామంది అనుకుంటారు. నిజానికి క్లౌకు పల్లెల దారి చూపించింది పేరయ్యే. బంధువుల ఇళ్లు, తోళ్ల బేరాలు, చెప్పులు కుట్టే అరుగులు, ఈ దారుల్లోనే ఆ మాట నడిచింది. పై కులాల వాళ్లు "మీరు మాదిగలను చేర్చుకోకపోతే మేమొస్తాం" అన్నప్పుడు క్లౌ గూడెం వైపే నిలబడ్డాడు.

1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. "గింజల కోసం మతం మారారు" అని ఇప్పటికీ అనేవాళ్లు ఈ తేదీల వరుస చూడాలి.

ఇప్పుడు కతోలిక చరిత్ర. తెలుగు నేల మీద అది ఇంకా పాతది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్లు కాషాయం కట్టి, శాకాహారం తిని, సన్యాసుల్లా రాయలసీమలో తిరిగారు. రెడ్డి కుటుంబాలు చేరాయి. మాల మాదిగలు పెద్ద సంఖ్యలో వచ్చింది తర్వాత. అంటే గుడి ముందు వరుస అప్పటికే నిండిపోయింది. పైగా జపాలు, పాటలు తెలుగులో ఉన్నా పూజ భాష లాటిన్. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆరాధన మీద పత్రం వెలువరించాకే పీఠం దగ్గరికి తెలుగు చేరింది. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలను ప్రొటెస్టెంట్ గూడేలు అప్పటికే కొన్ని తరాలుగా రాగం కట్టి పాడుకుంటున్నాయి. చదువు రాని అవ్వకు కూడా పాట పుస్తకం నోట్లోనే ఉండేది.

విచారణలు నేర్చుకోవాల్సింది ఏమిటంటే, మైకులూ డ్రమ్ములూ కాదు. నాకు తోచినవి మూడు.

ఒకటి, ఇల్లు. మెథడిస్టు, సీఎస్ఐ సంఘాల్లో వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో కూడిక ఉంటుంది. చాప పరుస్తారు, చాయ్ పోస్తారు. కొడుక్కి జ్వరమని, కూలి డబ్బులు రాలేదని అక్కడ చెప్పుకుంటారు. విచారణ గురువు ఒక్కడే చాలా ఊళ్లు చూసుకోవాలి. ఆయన బండి వచ్చేదాకా గుడి తాళం తీయకపోతే మనిషి ఎవరితో చెప్పుకోవాలి?

రెండు, ఆడవాళ్ల నోరు. బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి చదివి వినిపించిన కాలం నుంచి ఆ సంఘాల్లో అక్కలు నిలబడి సాక్ష్యం చెబుతున్నారు. ఆరుగురి ముందు సాక్ష్యం చెప్పిన మనిషి రేపు ఎమ్మార్వో ముందు కూడా మాట్లాడుతుంది.

మూడు, లెక్క. పిడికెడు బియ్యం తీసిపెట్టే ఆచారం చిన్నదేమీ కాదు. నా పిడికెడు అందులో ఉంటే పైసల లెక్క అడిగే హక్కు నాకుంటుంది. కతోలిక చట్టంలో విచారణ సభ సలహా మాత్రమే ఇవ్వగలదు. కనీసం ఆ సలహానైనా గూడెం నుంచి అడగాలి కదా!

అయితే ప్రొటెస్టెంట్ల ఇల్లు శుభ్రంగా ఉందని అనడం లేదు. మాల చర్చి, మాదిగ చర్చి అని విడిపోయింది అక్కడే. ఆస్తుల కోసం కోర్టులకెక్కింది అక్కడే. కొన్ని స్వతంత్ర సంఘాల్లో గుడి పాస్టరు కొడుక్కి వారసత్వంగా పోతుంది. కతోలికుల బడులు, ఆసుపత్రుల వెనక ఉన్న క్రమశిక్షణ వాళ్లు కూడా నేర్చుకోవాలి.

కతోలిక సభ తన రోగాన్ని తానే ఒప్పుకుంది కూడా. 2016లో భారత కతోలిక పీఠాధిపతులు వెలువరించిన దళిత సాధికారత విధానం ప్రకారం కోటి 90 లక్షల కతోలికుల్లో కోటి 20 లక్షల మంది దళితులు. దళిత పీఠాధిపతులు మాత్రం 12 మందే. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని కార్డినల్ అయ్యారు. తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్. గర్వించదగ్గదే. కానీ పైన ఒక ఎర్రటోపీ వచ్చినంత మాత్రాన కింద చాప పరుచుకోదు.

ఇదంతా ఉద్యమకారులకు ఎందుకు అంటారా? 2024 ఫిబ్రవరి 13న మన పక్కనే శంకర్‌పల్లి మండలం జన్వాడలో రోడ్డు వెడల్పు దగ్గర మొదలైన తగాదా మెథడిస్టు చర్చి మీద దాడి దాకా పోయింది. దళిత క్రైస్తవులు గాయపడ్డారు. రాళ్లు వేసేవాడు నువ్వు పూజకు పోతావా, కూడికకు పోతావా అని అడగడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వూ అడగలేదు. ఇద్దరినీ కలిపే ఎస్సీ జాబితా బయట పెట్టింది, మన దగ్గర ఇద్దరినీ కలిపే బీసీ-సిలో వేశారు. దెబ్బ ఒకటే అయినప్పుడు ఒకరి కూడికలో ఇంకొకరు కూర్చోవడం నేర్చుకోవాలి.

అందుకే ఆ అమ్మాయికి నా జవాబు ఇది. తప్పు మీ చిన్నాయనది కాదమ్మా. ఫాదర్‌ను ఒక్క సాయంత్రం మీ ఇంటికి పిలువు. పీట వద్దు, చాప మీదనే కూర్చోమను. మీ చిన్నాయనను కూడా పిలువు. ఎందుకు పోయిండో ఆయన నోటితోనే చెప్పనీ. ఫాదర్ మధ్యలో ఆపకుండా వింటే, నేర్చుకోవడం అప్పుడే మొదలైనట్టు.

జై భీమ్.