చౌడు మట్టి, తెల్ల పంచె

చౌడు నేలంటే మనకి తలనొప్పే. విత్తనం మొలవదు, మొలిచినా నిలవదు. కానీ మన తాతల పంచెలు తెల్లగా మెరిసింది ఆ చౌడు పుణ్యానే.

అన్ని చౌళ్లూ ఉతుకుడికి పనికిరావు. సోడియం కార్బోనేట్ ఉన్నదే కావాలి. అంటే ఇప్పుడు కొట్లో కొనే బట్టల సోడానే. రజకులు ఆ మట్టిని గీకి తెచ్చి, నీళ్లలో కలిపి, అందులో బట్టలు తడిపి ఉబ్బ వేసేవాళ్లు. కింద మంట, పైన నీళ్ల బాన, దానిమీద బట్టలు. సోడాకీ ఆవిరికీ జిడ్డు వదిలేది. తర్వాత చెరువు రేవులో బండకేసి ఉతికి, ఎండలో ఆరేసేవాళ్లు. మిగిలిన పసుపు ఛాయని నీలిమందు కప్పేసేది.

ఇది ఒక్క ఊళ్ల సంగతే కాదు. మచిలీపట్నం వైపు కలంకారీ బట్టని పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తెల్లబరిచేవాళ్లు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఎగుమతి బట్టలు చలువ చేసినవాళ్ల పేట ఇప్పటికీ వాషర్‌మన్‌పేటే.

ఇప్పుడైనా తెల్ల నూలు బట్టకి వేడినీళ్లు, కాస్త బట్టల సోడా, మంచి ఎండ చాలు. పట్టుకీ ఉన్నికీ మాత్రం సోడా వద్దు.

ఒక్క మాట. ఏడాదంతా ఊరి మురికి వదిలించిన ఆ చేతులకి దక్కింది కళ్లంలో మేర గింజలే. ఆ కుంచం నిండుగా కొలిచామా లేదా అన్నది మన ఇళ్లల్లో పెద్దల్ని అడగాల్సిన ప్రశ్న.