టొయోటా జీడీ డీజిల్ ఇంజన్లు

పాత కేడీ శ్రేణికి బదులుగా 2015లో టొయోటా తెచ్చిన నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజన్లు. భారత్‌లో ఇవి బెంగళూరు శివారు జిగణిలో తయారై, బిడది కర్మాగారంలో ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్‌లలో అమరుతాయి. పరిమాణాలు రెండు: 2,393 సీసీ, 2,755 సీసీ. అసలు విశేషం పెద్ద ఇంజన్ పిస్టన్ తల మీది సిలికాతో బలపరిచిన సన్నని పొర. మండే వాయువులతో పాటే అది చప్పున వేడెక్కి చప్పున చల్లారుతుంది. అందువల్ల లోహంలోకి పోయి వృథా అయ్యే వేడి తగ్గుతుంది. ఈ ఇంజన్ గరిష్ఠ ఉష్ణ సామర్థ్యం 44 శాతమని టొయోటా ప్రకటించింది. కార్ల ఇంజన్లలో ఇది నిజంగా మెచ్చదగిన అంకె. 2021 ఫార్చ్యూనర్ ఆటోమేటిక్‌లో ఈ పెద్ద ఇంజన్ 204 పీఎస్ శక్తినీ, 500 న్యూటన్ మీటర్ల టార్క్‌నూ ఇస్తుంది. రెండు ఇంజన్లూ 2,000 సీసీ దాటినవే కాబట్టి ఒక ఆంక్ష వీటికీ వర్తించింది: 2,000 సీసీ, ఆపై డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతంలో నిలిపివేసింది. 2016 ఆగస్టులో ఒక శాతం పర్యావరణ రుసుముతో తిరిగి అనుమతించింది.