కౌంటీ కలప కోత అనుమతులు (కాలిఫోర్నియా)

కాలిఫోర్నియాలో సొంత రాంచ్‌లోని రెడ్‌వుడ్ చెట్లనైనా అమ్మకానికి కొట్టాలంటే యజమాని ఇష్టం ఒక్కటే చాలదు. 1973 నాటి అటవీ చట్టం ప్రకారం, లైసెన్సున్న ఫారెస్టరు తయారుచేసిన కోత ప్రణాళికను రాష్ట్ర అటవీ, అగ్నిమాపక శాఖ ఆమోదించాలి. ఏ చెట్లు కొట్టాలి, దుంగలు ఏ దారిన లాగాలి, వాగు గట్టున ఎంత మేర వదిలేయాలి అన్నవన్నీ అందులోనే తేలతాయి. ఈ పద్ధతుల్లో కౌంటీలు తలదూర్చకుండా 1982లో చట్టాన్ని సవరించారు. అయితే ఎలా కొట్టాలో చెప్పలేని కౌంటీ, ఎక్కడ కొట్టకూడదో మాత్రం చెప్పగలదు. వెంట్రుకవాసిగా కనిపించే ఈ తేడాను శాంటాక్రూజ్ కౌంటీ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 2006లో ఖాయం చేసింది. జోనింగ్ ద్వారా కోతను కొన్ని ప్రాంతాలకే పరిమితం చేయవచ్చని తేల్చింది. పొరుగున ఉన్న శాన్ మటేయో కౌంటీ అంతకుముందే ఇళ్లకు 1,000 అడుగుల లోపు కోతను నిషేధించింది. కలప ఉత్పత్తి జోన్‌లో ఉన్న భూములకు అది వర్తించదు.