అంబోయినాకు ఉత్తరం

శుక్రవారం. పొద్దు వాలుతోంది. కలకత్తా నుంచి హుగ్లీ నదికి ఎదురెక్కి వచ్చిన పడవ సెరంపూర్ రేవులో ఆగింది. మన పాస్టర్లు బీ.డీ. పట్టా పుచ్చుకునే సెరంపూర్ ఇదే. కాకపోతే ఆ కాలేజీ పుట్టడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఇది 1814, ఏడాది చివరి నెలలు. ఊరు డేనిష్ వాళ్లదే గానీ, యుద్ధం పేరు చెప్పి ఇంగ్లీషువాళ్లు ఆక్రమించి కూర్చున్నారు.

పడవ దిగుతున్న పొట్టి మనిషిని చూశారా, బట్టతలాయన? మిషనరీ విలియం కేరీ. యాభై మూడేళ్లు. ఇంగ్లండులో చెప్పులు కుట్టిన చేతులవి. ఇప్పుడు వారంలో సగం ఫోర్ట్ విలియం కాలేజీలో కంపెనీ దొరబాబులకు బెంగాలీ, సంస్కృతం నేర్పుతాడు. జీతం నెలకు వెయ్యి రూపాయలు. అందులో ఇంటికి మిగిలేది కొంచెమే, తక్కినదంతా మిషన్ ఉమ్మడి పద్దులోకి పోతుంది.

ఆయన వెనకే లోపలికి రండి. కింది గదిలో షార్లెట్ ఎదురుచూస్తోంది. ఆమెకు మేడమెట్లు ఎక్కే సత్తువ లేదు. మొదటి భార్య డొరొతీ 1807లో పోయాక ఈమెను చేసుకున్నాడు. కుశల ప్రశ్నలయ్యాయి. బెంగాలీలో కుటుంబ ప్రార్థన జరిగింది. ఇక బల్ల దగ్గరికి వెళదాం, తెలుగువాళ్లం చూడాల్సింది అక్కడుంది.

ప్రూఫుల కట్ట పక్కన ఈ ఏడాదే అచ్చయిన రెండు పుస్తకాలున్నాయి. ఒకటి రాక్స్‌బర్గ్ కలకత్తా తోటలోని మొక్కలకు రాసుకున్న పట్టిక, 'హార్టస్ బెంగాలెన్సిస్'. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కల వెంట తిరిగిన రాక్స్‌బర్గే ఆయన. రెండోది కేరీ స్వయంగా రాసిన తెలుగు వ్యాకరణం. 1806 నాటికే ఈయన పగలంతా కాలేజీ, అనువాదాలూ ముగించుకుని, సాయంత్రం ఆరింటికి ఒక తెలుగు పండితుడి ముందు కూర్చుని మన భాష నేర్చుకునేవాడు. వ్యాకరణం రాతప్రతి 1812 మార్చిలో అచ్చుశాల తగలబడినప్పుడు బూడిదైంది. మళ్లీ మొదటినుంచి రాశాడు.

దీపం వెలిగించారు. ప్రూఫులు పక్కకు జరిపి ఒక తెల్ల కాగితం ముందుకు లాక్కున్నాడు. ఉత్తరం జాబెజ్‌కి.

ఈ రాత్రి ఏ తేదీ అని మాత్రం అడక్కండి. ఆ కొడుక్కి ఏళ్ల తరబడి రాసిన ఉత్తరాల సారాన్ని ఒక్క రాత్రిలోకి పోగుచేసి చూస్తున్నాం.

బతికున్న కొడుకుల్లో జాబెజ్ మూడోవాడు. 1793లో ఈ కుటుంబం ఇంగ్లండులో ఓడెక్కినప్పుడు తల్లి ఒళ్లో పసిగుడ్డు. అయిదు నెలల ప్రయాణం తట్టుకుని బతికాడు. పెద్దయ్యాక కలకత్తాలో ఒక వకీలు దగ్గర పనికి కుదిరాడు. పెద్దవాళ్లిద్దరూ, ఫీలిక్స్, విలియం, సేవలోకి వచ్చేశారు. వీడొక్కడే రాలేదని తండ్రికి దిగులు. 1812లో లండన్‌లో పెద్ద మిషనరీ కూటం జరుగుతుంటే, ప్రసంగం చేస్తున్న కేరీ పాత మిత్రుడు, పాస్టర్ రైలాండ్ మధ్యలో ఆపి, ఈ కుర్రాడి కోసం అందరూ మౌనంగా ప్రార్థన చెయ్యమన్నాడు. ఆ కబురు సముద్రం దాటి ఇక్కడికి రాకముందే జాబెజ్ మనసు మారింది. 1814 జనవరిలో తండ్రీ ఇద్దరు అన్నలూ తల మీద చేతులుంచి ప్రార్థించి అతణ్ణి సేవకు ప్రత్యేకించారు. కొత్త పెళ్లికూతురు ఎలైజాతో కలిసి అంబోయినాకు ఓడెక్కాడు. లవంగాల దీవి అది, మలయా ద్వీపాల్లో తూర్పు కొసన ఉంది. అప్పటికి డచ్చివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్ల చేతిలోకి వచ్చింది. అక్కడి బళ్లు చూసుకోవడం జాబెజ్ పని.

కలం సిరాలో ముంచి ఆగాడు. ఎందుకు ఆగాడో మనకు తెలుసు. ముందు రాయాల్సింది ఇంటి కబురు. ఈసారి ఇంటి కబురంటే ఫీలిక్స్ సంగతే.

ఫీలిక్స్ బర్మాలో ఉన్నాడు. రాజు కోసం ఒక అచ్చు యంత్రాన్ని, భార్యాబిడ్డల్ని వెంటబెట్టుకుని ఐరావతి నది మీద ఆవాకు బయల్దేరాడు. ఆగస్టు 31న గాలివానకు పడవ తిరగబడింది. భార్య పోయింది. పిల్లలిద్దరూ పోయారు. యంత్రం నది అడుగుకు చేరింది. ఒడ్డుకు చేరిన ఫీలిక్స్ ఒంటరివాడయ్యాడు. పదినెలల కిందట తన తల మీద చెయ్యి పెట్టి దీవించిన అన్న గురించి జాబెజ్ ఈ వార్త చదవాలి. అదీ ఎప్పుడు? గాలి అనుకూలించి అటువైపు పోయే ఓడ దొరికితే, కొన్ని నెలలకు.

కేరీ రాయడం మొదలుపెట్టాడు. భుజం మీదుగా తొంగిచూస్తే పెద్ద పెద్ద ఓదార్పు మాటలేమీ కనబడవు. దేవుని చిత్తానికి తల వంచడం ఆయనకు పాత అలవాటు. ఇండియా వచ్చిన కొత్తలో అయిదేళ్ల కొడుకు పీటర్‌ని బెంగాల్ పల్లె ముద్నాబాటిలో మట్టికిచ్చాడు. పూడ్చడానికి మనిషి దొరకడమే గగనమైన రోజది.

కబుర్లయ్యాక హితవు. ముందు నీ మనసు దేవుడితో ఎలా ఉందో చూసుకో అంటాడు. మలయ్ భాష పట్టుబట్టి నేర్చుకో, దుబాసీ మీద ఆధారపడకు. ఎలైజాని ప్రేమగా, మర్యాదగా చూసుకో. అధికారులతో పెద్దమనిషి తరహాలో మెలుగు. క్రైస్తవుడి తర్వాత అంత మంచి గుణం పెద్దమనిషిదేనని ఆయన నమ్మకం. ఖర్చు దగ్గర జాగ్రత్త. ఎక్కడా కంఠశోష లేదు. కొడుక్కి పని అప్పగించినట్టే భక్తిని కూడా అప్పగిస్తాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కేరీ మీద వచ్చిన జీవితచరిత్రలు చాలావరకు దీన్ని మెల్లగా దాటేస్తాయి. ఈ పిల్లలు చిన్నప్పుడు తండ్రి ఇంట్లోనే ఉన్నాడు, కానీ తండ్రిగా లేడు. తల్లికి మతి చలించి ఏళ్ల తరబడి గదిలో పెట్టాల్సి వచ్చింది. పక్క గదిలో ఆయన బైబిలు తర్జుమా చేసుకుంటున్నాడు. మగపిల్లలు అచ్చోసిన ఆంబోతుల్లా తిరిగారు. వాళ్లని దారిలో పెట్టింది మిషన్‌లో తోటివాళ్లు హన్నా మార్ష్‌మన్, విలియం వార్డ్. కాబట్టి ఈ ఉత్తరాలు ఆలస్యంగా మొదలైన తండ్రితనం అంటాను నేను. గుమ్మంలో ఉన్నప్పుడు చెప్పనివి సముద్రాల అవతలికి రాస్తున్నాడు. దాన్ని కపటం అనలేను. బాకీ తీరుస్తున్న మనిషిని కపటి అని ఎవరంటాం?

కాగితం అడుగుకు వచ్చేసరికి చూడండి, ఆయన ముఖంలో కళ మారింది. మొక్కల దగ్గరికొచ్చాడు. సెరంపూర్‌లో ఆయన తోట అయిదెకరాల పైమాటే. అంబోయినా అంటే మొక్కల పిచ్చివాళ్లకు తీర్థం. రంఫియస్ అనే ఆయన కళ్లు పోయినా ఆ దీవి మొక్కల మీద బృహద్గ్రంథం రాసింది అక్కడే. దొరికిన విత్తనమల్లా పంపు. దుంపలు పంపు. చెట్ల కొమ్మల మీద పెరిగే జాతుల్ని జాగ్రత్తగా ఊడదీసి పెట్టెల్లో పెట్టి పంపు. పక్షుల్ని పంజరాల్లో పంపు, గవ్వలు పంపు. ఒకసారి పంపి ఊరుకోకు, వచ్చే ప్రతి ఓడకూ ఏదో ఒకటి ఎక్కించు.

ఇదేం సువార్త పరిచర్య అని మీలో ఎవరికైనా అనిపిస్తే అనిపించనివ్వండి. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు తెలియని దీవిలో ఉన్నాడు. అన్న ఇంట చావుల కబురు చదివి కాగితం మడిచాక ఏం చెయ్యాలి? అడవిలోకి వెళ్లి ఒక దుంప తవ్వాలి. తడిమట్టితో చుట్టాలి, పెట్టె చేయించాలి, నాన్న పేరు రాయాలి. ఓడ కప్తాన్‌ని బతిమాలాలి. ప్రార్థన చెయ్యమనడంతో పాటు అది కూడా రాశాడంటే, దుఃఖంలో మనిషికి ఏం కావాలో ఆయనకు తెలుసన్నమాట.

ఈ పిల్లల కథలు ఆయన కోరినట్టు నడవలేదు. ఫీలిక్స్ కొన్నాళ్లకే బర్మా రాజు తరఫున ఆర్భాటంగా కలకత్తా వచ్చాడు. మిషనరీ కాస్తా రాయబారిగా కుంచించుకుపోయాడని తండ్రి కుమిలిపోయాడు. చివరికి సెరంపూర్‌కే తిరిగొచ్చి, 1822లో తండ్రి కళ్లముందే పోయాడు. అంబోయినా మళ్లీ డచ్చివాళ్లకు దక్కింది. జాబెజ్ తిరిగొచ్చినా ఇంటిపట్టున ఉన్నది తక్కువే. బళ్లు పెట్టే పని మీద అజ్మీర్‌కు వెళ్లిపోయాడు. ఉత్తరాలు ఈసారి ఓడ మీద కాక టపాలో, రాజపుతానా ఎడారి దారి పట్టాయి. షార్లెట్ మరణం, ఫీలిక్స్ మరణం, కలరాతో ఒక్కరోజులో పోయిన వార్డ్ సంగతి, అన్నీ అజ్మీర్‌కు అలాగే చేరాయి.

కానీ ఈ రాత్రికి అవేవీ తెలియవు. ఉత్తరం మడిచి లక్క ముద్ర వేశాడు. దీపం తగ్గిస్తాడేమో అనుకుంటే, ఇంకో కాగితం తీసుకున్నాడు.

ఇది పాలర్స్‌పరీకి, ఇంగ్లండులో నార్తాంప్టన్ దగ్గరి పల్లెకు. అక్కడ ఎడ్మండ్ కేరీ ఇంకా బతికే ఉన్నాడు. ఒకప్పటి నేతగాడు, ఊరి బడిపంతులు, ఎనభైకి దగ్గరపడ్డాడు. కొడుకు ఇండియాకు పోతానన్నప్పుడు వీడికేమైనా పిచ్చా అన్న తండ్రి ఆయనే. 1793 తర్వాత తండ్రీకొడుకులు మళ్లీ కలుసుకోలేదు. చెల్లెలు పాలీ మంచంలోనే ఉండి, కదిలే ఒక్క చేత్తో అన్నకు ఉత్తరాలు రాస్తుంది. ఫీలిక్స్ సంగతి ఆ ఇంటికీ చెప్పాలి. ఎన్నడూ చూడని మునిమనవలు నీళ్లలో పోయారని ముసలాయనకు చదివి వినిపించాల్సింది పాలీయా, ఇంకెవరైనానా అన్నది సెరంపూర్‌లో కూర్చుని తేల్చే విషయం కాదు. కేరీ తేదీ వేశాడు. నాన్నగారికి, అని మొదలుపెట్టాడు.