అశ్వశక్తి, అలవాటు

ఉద్యోగ విరమణ తరువాత నాకు కలిగిన ఒక కోరిక చెబితే నవ్వగలరు. ముప్పైయేళ్ళ విరామానంతరం మళ్ళీ మోటారు సైకిలు ఎక్కాలనిపించింది. అదీ బలమైనదే కావాలనిపించింది. వికారాబాదులో నివసిస్తూ, సెలవు దినాలలో అనంతగిరి ఘాటు మీద సాగే పెద్ద బండ్లను చూస్తుంటే అట్లా అనిపించడం సహజమే. అయితే బలమంటే ఏమిటో తెలియాలంటే కొంత చరిత్ర తిరగవేయాలి.

మా తరానికి బలమంటే బుల్లెట్. సైన్యం దానిని సరిహద్దు పహారాకు ఎంచుకొన్న మీదట, 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. పుట్టినింట, అనగా ఇంగ్లండులో, ఆ పేరు మూతపడినా మెట్టినింట బుల్లెట్ నిలిచింది. ఆ 350 సీసీ బండి బలం 18 అశ్వశక్తులు మాత్రమే. 1983లో రాజ్‌దూత్ 350 వచ్చింది. సీసీ దాదాపు అంతే. కాని యమహా నమూనాతో చేసిన జంట సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను గనుక సుమారు 30 అశ్వశక్తులిచ్చేది. జపాను మూలరూపంలో ముందు చక్రానికి డిస్కు బ్రేకుండగా, ఇక్కడ డ్రమ్ము బ్రేకు అమర్చారు. వేగం పెరిగింది, దానిని నిలిపే సాధనం వెనుకబడింది. 2013లో వచ్చిన 373 సీసీ డ్యూక్ 390 బలం 43 అశ్వశక్తులు. 2021 నాటి క్లాసిక్ 350 బలమో 20 అశ్వశక్తులు, బరువు 195 కిలోలు. కనుక సీసీని చూసి బలాన్ని అంచనా వేయరాదు.

ఐరోపాలో 2013 నుండి అమలైన నియమాల ప్రకారం, యువకులు రెండేళ్ళు 35 కిలోవాట్ల, అనగా 47 అశ్వశక్తుల, లోపు బండి నడిపిన పిదపనే పెద్దదానికి అర్హులు. మన దేశంలో గేర్ల మోటారు సైకిలు లైసెన్సు ఒక్కటుంటే నూరు సీసీ అయినా వెయ్యి సీసీ అయినా నడపవచ్చు. మెట్లు మనమే కట్టుకోవాలి.

ఈ సంగతి నాకు అనంతగిరి మలుపులో బోధపడింది. 1985 ప్రాంతంలో తాండూరు దగ్గరి పల్లె బడికి పాత బుల్లెట్ మీద వెళ్ళేవాణ్ణి. దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. 2000 తరువాతి సంవత్సరాలలో బుల్లెట్‌కు కూడా ఆ అమరిక తారుమారైంది. మొన్న పూర్వ విద్యార్థి ఒకడి 350 తీసుకొని దిగుతుండగా ఒక ఎద్దు అడ్డు వచ్చింది. ఎడమకాలు తనంత తానే నొక్కింది; తగిలినది గేరు. చేతి బ్రేకు దక్కబట్టి బయటపడ్డాను. వెనుక కూర్చున్న ఆ శిష్యుడన్నాడు: "సారూ, బండి కొత్తది, మీ కాలుకు ఇంకా పాత లెక్కే యాదికున్నది."

నాబోటి వారి ప్రమాదం ఇదే. కొత్తవాడు తనకు రాదని ఎరుగును. తిరిగి వచ్చినవాడు తనకు వచ్చుననుకొంటాడు. అందుచేత బండిని ఎంచేటప్పుడు అశ్వశక్తికి ముందు మూడు చూశాను: కూర్చుంటే రెండు పాదాలు నేలకు ఆనాలి, పడితే ఒంటరిగా లేపగలగాలి, ఏబీఎస్ ఉండాలి. 125 సీసీకి మించిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుండి అది తప్పనిసరి. అంతకు ముందటి పాతబండి కొనేవారు అడిగి తెలుసుకోవాలి.

చివరకు 150 సీసీ బండి కొన్నాను. ఆరు నెలలు నాపరాళ్ళ లారీల వెనుక ఓపికగా తాండూరు వెళ్ళి వస్తాను. నా కుడికాలు బ్రేకు నేర్చిన నాడు 350 మాట ఆలోచిస్తాను. మీలో ఇట్లా తిరిగి బండెక్కిన వారుంటే మీ అనుభవం తెలుపగలరు.